రాత్రి చిరుతిండియు దేహభారమును

(వార్షిక మహాసభ రెండవనాటి సాయంకాలము గావించిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహమునకు నిధి, బీదవిద్యార్థులకు వేతనములు, వివాహవ్యయముల తగ్గింపు మున్నగు ఘనవిషయములను గూర్చి ఉదయమునుండి పెద్దలు ప్రసంగించిరి. అట్టి సభలో లేచి, రాత్రి భోజనమైన పిదప డబ్బాల మూతలు తీసి మనము తినెడి చిరుతిండిని గూర్చి మాటలాడుట కొందరకు హాస్యాస్పదముగా తోచవచ్చును. అయినను, ఆరోగ్యమును గూర్చి చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఆరోగ్యము గొప్పదని సామాన్యముగా చెప్పినచో అందరును తల యూపుదురు, ఎవ్వరును మారరు. ఒక్క అలవాటును పట్టుకొని విడమరచి చెప్పినచో పదుగురైనను ఇంటికి పోయి ఆలోచింతురని తలచి ఈ చిన్న విషయమునే మేము ఎన్నుకొంటిమి. ఇది చిన్నదో పెద్దదో తుదకు మీరే నిర్ణయింతురు గాక.

మన కులమునకు వర్తకము ప్రధానవృత్తి. ప్రొద్దున గద్దెమీద కూర్చున్న వర్తకుడు రాత్రి తొమ్మిది దాటువరకు లేవడు. ఆ గద్దెయే మన సత్రములను, విద్యాలయములను, ఈ సభను గూడ పోషించుచున్నది. అట్టి గద్దెనుండి నలువదియేండ్లకే మధుమేహముతోను రక్తపుపోటుతోను లేచి వైద్యుని వాకిట నిలువవలసివచ్చుట నేడు మన యిండ్లలో వింత కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతట జరిపించి 2023లో ప్రకటించిన పరిశీలనము ననుసరించి మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని పొలిమేరలో నున్నారు. పెద్దవారిలో నూటికి 39.5 వంతులవారికి నడుముచుట్టు కొవ్వు మితిమీరి యున్నది. ఇది దేశమంతటి లెక్క. మన కులమునకు ప్రత్యేకించినది కాదు. కాని పల్లెలవారిలోకంటె పట్టణవాసులలో ఈ వ్యాధి హెచ్చని ఆ పరిశీలనమే చెప్పుచున్నది. మనలో అధికసంఖ్యాకులు పట్టణములలో, కూర్చుండి చేయు పనులలో నున్నవారే గదా!

“మేమంత లావు లేము, ఈ మాటలు మాకు కావు” అని కొందరు తమలో ననుకొనవచ్చును. వారికొక దృష్టాంతము చెప్పెదము. పుణె నగరపు వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను నగరపు వైద్యుడు జాన్ యుడ్కిన్ అను నిరువురు తమ దేహములనే పరీక్షించుకొని, ఆ ఫలితమును 2004లో ‘లాన్సెట్’ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. కిలోగ్రాములలోని బరువును, మీటరులలోని ఎత్తును ఎత్తుతోనే హెచ్చించి భాగింపగా వచ్చు సంఖ్య ఇరువురకును 22.3 గనే యుండెను. త్రాసు మాట నమ్మినచో ఇద్దరు నొక్కటే. కాని లోపల కొవ్వును కొలువగా ఆంగ్లేయుని దేహమున నూటికి 9.1 వంతు, భారతీయుని దేహమున 21.2 వంతు తేలినది! సన్నగా కనబడు మన దేహములలో కొవ్వు దాగియుండునని దీని భావము. కావుననే ఆ సంఖ్య 23 దాటినచో అధికభారమనియు, 25 చేరినచో స్థూలకాయమనియు మన దేశపు వైద్యులు 2009లో నిర్ణయించిరి. నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటరులు, స్త్రీలకు 80 సెంటీమీటరులు మించరాదు. త్రాసు అబద్ధమాడినను దర్జీవాని టేపు అబద్ధమాడదు.

ఇక దేహభారమును తగ్గించుకొనవలెనని పూనుకొన్నవారి సంగతి. వీరు ప్రొద్దున నడచెదరు. మధ్యాహ్నము అన్నము తగ్గించెదరు. నేతిగిన్నెను దూరముగా నెట్టెదరు. ఇంత నిష్ఠయు రాత్రి పదిగంటలవరకే. పదకొండు గంటలకు ఇల్లంతయు సద్దుమణిగిన పిదప వంటయింటిలో దీపము వెలుగును. కారప్పూస డబ్బా మూత మెల్లగా లేచును. మరునాడు వీరే మావంటివారి యెదుట కూర్చుండి, “పగలంతయు కట్టుకొన్న నోటిని రాత్రి కట్టుకొనలేకపోతిమి, మాకు మనోనిగ్రహము లేదు” అని తలవంచుకొందురు. కొందరు దేవుని యెదుట ఒట్టు పెట్టుకొందురు. నాలుగు దినములలో ఒట్టు తీసి గట్టున పెట్టుదురు. తిండికి తోడు సిగ్గుకూడ కలియును.

సోదరులారా! ఈ సభయందు మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట యొక్కటే. రాత్రి పదకొండు గంటల ఆకలి రాత్రి పుట్టినది కాదు. అది పగటియందు పుట్టినది. పగలు దేహమునకు మనము బాకీపడిన దానిని, రాత్రి అది వడ్డీతో వసూలు చేసికొనుచున్నది. వసూలుకు వచ్చిన వానితో నర్ధరాత్రి వాకిట నిలిచి పోట్లాడుటకంటె, పగలే బాకీ తీర్చుట వర్తకునకు తగిన పని గాదా?

మన దుకాణదారుని దినచర్యను కొంచెము పరిశీలింతము. లేవగానే కాఫీ. ఎనిమిది గంటలకు తొందరలో రెండు ఇడ్లీలు. ఒక్కొక్కనాడు అవియు లేవు. పండ్రెండుగంటలకు ఇంటినుండి వచ్చిన కారియరు బేరములనడుమ మూడుగంటలవరకు మూత తీయబడదు. అన్నము చల్లారి, తినబుద్ధి పుట్టక సగము మిగిలిపోవును. బేరగాండ్రతో కూడ ఆరుమార్లు టీ. గ్లాసునకు రెండేసి చెమ్చాల పంచదార, చెమ్చాకు 5 గ్రాముల చొప్పున దినమునకు 60 గ్రాములు. అందుండి 240 కెలోరీల శక్తి. ఆకలి చచ్చునేగాని కడుపు నిండదు. రాత్రి తొమ్మిదిన్నరకు తాళము వేసి, పదింటికి ఇల్లు చేరి, స్నానము చేసి, పదిన్నరకు విస్తరి ముందు కూర్చుండును. అప్పుడు తినునది దినమంతటి భోజనము. పిదప చిట్టా ఆవర్జాలు, టెలివిజను, చేతిలో సెల్‌ఫోను. పదకొండున్నరకు డబ్బా. ఈ మనుష్యునకు నిగ్రహము లేదని యెవరనగలరు? పదునాలుగు గంటలు కాలు కదపక బేరమును నిలుపుకొన్నవానికి నిగ్రహము లేకపోవుట యేమి? అతనికి లేనిది వేళకు అన్నము.

ఈ మాటకు శాస్త్రజ్ఞుల పరిశోధనములు బలము చేకూర్చుచున్నవి. మన దేహములోని కణములన్నియు ఒక గడియారము ననుసరించి నడచుచున్నవి. ఆ గడియారపు యంత్రమును కనిపెట్టినందులకు హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. బోస్టన్ నగరమున పండ్రెండుమందిని పగలు రాత్రి తెలియని గదులలోనుంచి పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశోధనము మనకు మిక్కిలి ఉపయోగకరమైనది. వారు ఎప్పుడు తినిరి, ఎప్పుడు నిద్రించిరి అను దానితో నిమిత్తము లేకయే, గడియారపు ప్రేరణచేత ఆకలి ప్రొద్దున ఎనిమిదింటి ప్రాంతమున మిక్కిలి తక్కువగాను, రాత్రి ఎనిమిదింటి ప్రాంతమున మిక్కిలి హెచ్చుగాను ఉండెను. అందునను తీపి, ఉప్పు, పిండిపదార్థములమీదనే కోరిక. కాబట్టి ప్రొద్దున ఆకలి లేదని తినకుండుటయు, రాత్రి జంతికలు కోరుటయు మన దోషము మాత్రమే కాదు. స్వభావమును కొంత కలదు. స్వభావము తెలిసినవాడు దానికి తగిన కట్టుదిట్టము చేసికొనును.

ఆ నగరముననే అధికభారము గల పదునారుమందికి ఒకే ఆహారమును ఒకమారు వేళకును, మరొకమారు నాలుగుగంటలు ఆలస్యముగాను పెట్టి చూచిరి. 2022లో వెలువడిన ఆ ఫలితముల ననుసరించి, ఆలస్యముగా తిన్న దినములలో ఆకలి హెచ్చినది. “చాలును” అని మెదడునకు తెలుపు లెప్టిన్ అను రసము తగ్గినది. దేహము ఖర్చుచేయు శక్తియు కొంత తగ్గినది. నిద్ర సంగతియు నిట్టిదే. చికాగో విశ్వవిద్యాలయమున పండ్రెండుగురు యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పరుండనిచ్చి, పదేసిగంటలు పరుండిన దినములతో పోల్చి చూడగా, లెప్టిన్ నూటికి 18 వంతులు తగ్గి, ఆకలి పుట్టించు గ్రెలిన్ 28 వంతులు హెచ్చినదని 2004లో తెలిపిరి. నిద్ర తక్కువైనవాడు మరునాడు ఆకలికి బానిస యగును. ఆ ఆకలితో రాత్రి మేలుకొని తినును. తిని మరల నిద్ర చెడగొట్టుకొనును. గానుగెద్దు తిరుగు దారి యిది.

ఇచట నొక సత్యమును దాచరాదు. రాత్రి తిన్నది యేదో మంత్రమువలన కొవ్వుగా మారునని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. ఇజ్రాయెలు దేశమున 93 మంది స్త్రీలకు పండ్రెండు వారములు సమానమైన ఆహారమునే ఇచ్చి, కొందరకు ప్రొద్దున అధికముగాను, కొందరకు రాత్రి అధికముగాను పెట్టగా, ప్రొద్దున తిన్నవారు 8.7 కిలోలు, రాత్రి తిన్నవారు 3.6 కిలోలు తగ్గిరని 2013లో ప్రకటించిరి. కాని 2022లో స్కాట్లండునందలి ఆబర్డీను పండితులు ముప్పదిమందితో మరింత కట్టుదిట్టముగా ఇట్టి పరీక్షయే చేయగా, బరువు తగ్గుటలో భేదము కానరాలేదు. అయితే ప్రొద్దున హెచ్చుగా తిన్నవారికి దినమంతయు ఆకలి తక్కువగా నుండెను. ఈ రెంటినుండి మనము గ్రహింపవలసిన నీతి యేమి? జమాఖర్చులో మొత్తమే మొత్తము. రాత్రి పద్దునకు వేరు ధర లేదు. కాని ప్రొద్దున జమ కట్టినవానికి రాత్రి అప్పు చేయవలసిన అగత్యము తక్కువ. మేము మొదట చెప్పిన మాటయు నిదియే.

ఆ రాత్రి పద్దు ఎంతయో కూడ లెక్క చూతము. లెక్క చూచుట మనకు కొత్తగాదు. నూనెలో వేచిన కారప్పూస, మిక్స్చరు వంటివి 100 గ్రాములకు 500 కెలోరీలకు తక్కువ నుండవు. గుప్పెడు తీసినచో సుమారు 30 గ్రాములు, 150 కెలోరీలు. డబ్బా ఒడిలో నుంచుకొని బొమ్మలు చూచువాడు ఒక్క గుప్పెటితో నాగడు. రెండు మూడు సులభముగా నగును. ఒక్క గుప్పెటి శక్తిని ఖర్చుచేయుటకు సాధారణ దేహము గలవాడు ముప్పావుగంటకు దగ్గరగా నడువవలెను. ప్రొద్దుటి నడక రాత్రి గుప్పెటికే చెల్లిపోయినది. ఇక రెండవ గుప్పెటి మాట యేమి? ఆరుమాసములు నడచినను సూది కదలలేదని త్రాసును నిందించువారు ఈ పద్దును చిట్టాలో వ్రాయుట మరచుచున్నారు.

ఇంతవరకు పురుషుల మాటయే చెప్పితిమి. అమ్మలారా! మీ మాట మరింత కష్టమైనది. యజమాని పదిన్నరకు వచ్చునందాక ఇల్లాలు తినక కాచుకొని యుండుట మన యిండ్లలో పాతివ్రత్యమని పేరొందినది. పిల్లలకు, అత్తమామలకు ముందు వడ్డించి, భర్త తిన్న పిదప ఆమె కూర్చుండును. అప్పటికి కూర అడుగంటి యుండును. పప్పు పలుచనై యుండును. అన్నము మాత్రము మిగిలి యుండును. పారవేసిన పాపమని ఆ అన్నమునంతయు పచ్చడితోనో పెరుగుతోనో ముగించును. పిల్లవాడు విడిచిన సగము లడ్డు, పెద్దవారు వలదన్న గారె ఆమె నోటికే చేరును. పగలు వేళకు తినదు. రాత్రి మిగిలినదంతయు తినును. పిదప “మా ఆవిడ ఏమియు తినదు, గాలి పీల్చి లావగుచున్నది” అని మనమే పరిహసింతుము! ఇది ఆమె తిండిపోతుతనము కాదు. ఇంటి యేర్పాటునందలి అన్యాయము. మిగిలిన అన్నమును దాచుటకు గిన్నె కలదు, ఫ్రిజ్ కలదు. ఇల్లాలి దేహము మిగులుబడి సరకు నుంచు గోదాము కారాదు. యజమాని రాకున్నను ఎనిమిదింటికి ఆమె పిల్లలతో కూడ భుజించుట తప్పు కాదని ఈ సభాముఖమున పెద్దలు ఒక్కమాట చెప్పినచో, పదిమంది వైద్యుల మందులకంటె మేలు కలుగును.

వసతిగృహమునందలి మన బాలుర సంగతి వేరు. ఏడుగంటలకే భోజనము ముగించి, ఒంటిగంటవరకు చదువువారికి పదకొండింటికి నిజముగనే ఆకలి యగును. అది నిందింపదగినది కాదు. కాని నేడు సెల్‌ఫోనులో నొక్కి కోరినంతనే అరగంటలో బిరియానీ గుమ్మమువద్దకు వచ్చుచున్నది. పూర్వము అర్ధరాత్రి తినవలెనన్నను అంగడి మూసియుండెడిది. ఆ మూసిన తలుపే సగము నిగ్రహము. ఆ తలుపు నేడు లేదు గనుక వేరొక యేర్పాటు మనమే చేయవలెను.

కొందరు ఉపవాసమే దీనికి మందందురు. లంఖణము పరమౌషధమని మన సామెత. శనివారపు రాత్రి అన్నము మానుట మనలో ఆచారము. కాని అన్నము మాని ఏమి తినుచున్నాము? నేతితో నుప్మా, నాలుగు పూరీలు, బొంబాయి చట్నీ, ఆపై రవ్వకేసరి. దీనికి ఫలహారమని పేరు. ఇందు ఫలము మాత్రము కానరాదు. ఏకాదశినాడు పస్తుండి ద్వాదశిపారణకు రెండింతలు తినుటయు నిట్టిదే. పస్తు చెడ్డదని మేమనము. విధిగా చేయువారికి అది శ్రేయస్కరమే. పగటి పస్తును రాత్రి తిండితో పూడ్చుకొనుట మాత్రము ఉపవాసము కాదు. మన బజారులలోనే వ్యాపారము చేయు జైనసోదరులను చూడుడు. వారిలో ఆచారపరులు సూర్యాస్తమయము తరువాత భుజింపరు. గద్దె విడువకయే ప్రొద్దుక్రుంకక మునుపు భోజనము ముగింతురు. వ్యాపారము చేయువానికి ఇది సాధ్యము కాదను మాట వారిని చూచిన పిదప చెల్లదు.

ఇక చేయవలసినదేమి? క్రమముగా చెప్పెదము.

ప్రొద్దున ఆకలి లేకున్నను తొమ్మిదింటిలోపల కొంత బలమైన ఆహారము తినవలెను. ఇడ్లీలు మాత్రమే చాలవు. పెసరట్టు, శనగలు, గ్రుడ్డు తినువారికి గ్రుడ్డు, పాలో పెరుగో కలియవలెను. మాంసకృత్తులు గల ఆహారము ఆకలిని చాలసేపు దూరముగా నుంచును. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున ఒక్క గదిలో పుట్టి 1958లో మన ప్రాంతమునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో, దినమునకు 2000 కెలోరీలు తినువానికి ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు అని చెప్పబడినది. మన విస్తరిలో అన్నము కొండవలెను, పప్పు చెరువు మడుగువలెను ఉండుట మీరెరుగుదురు. కొండను కొంత తరిగి మడుగును కొంత పెంచవలెను.

మధ్యాహ్నపు కారియరు ఒంటిగంటకు తెరువవలెను. బేరగాడు కాచుకొనును, గుమాస్తా మాటలాడును. సాయంకాలము అయిదారుగంటలనడుమ ఉడికించిన శనగలో, పెసలో, వేరుశనగలో గుప్పెడు, ఒక పండు, గ్లాసు మజ్జిగ తీసికొనవలెను. ఇది లంచము కాదు. రాత్రి వచ్చు బాకీదారునకు ముందుగా చెల్లించిన కిస్తు. రాత్రి భోజనము ఎనిమిదింటికి ముగియవలెను. దుకాణమునుండి రాలేనివాడు ఏడున్నరకు రెండవ కారియరు తెప్పించుకొని అచటనే తిని, ఇంటికి వచ్చి మజ్జిగ త్రాగి పరుండవచ్చును. భోజనమునకును పడకకును రెండు మూడుగంటల యెడముండినచో గుండెమంట, పులిత్రేనుపులు కూడ తగ్గును.

చిరుతిండ్లను పండుగలకు చేయుడు, వలదనము. కాని అయిదుకిలోల డబ్బా చేతికందుచోట నుంచి నిగ్రహమును గూర్చి మాటలాడుట, గల్లాపెట్టెకు తాళము వేయక దొంగను తిట్టుట వంటిది. కొంచెముగా చేయుడు, అటకమీద నుంచుడు, తినునపుడు డబ్బాతో కాక పళ్లెములో పెట్టుకొని, దీపము వెలిగించుకొని, కూర్చుండి, పగటివేళ నలుగురితో తినుడు. రాత్రి భోజనమైన వెంటనే పండ్లు తోముకొనుడు, వంటయింటి దీపమార్పుడు. చిట్టా వ్రాయుటయో, బొమ్మలు చూచుటయో చిరుతిండికి జతగా అలవడియున్నచో, కొన్నాళ్ళు ఆ పనిని వేరొకచోట కూర్చుండి చేయుడు. చేయికి పాతదారి తప్పును. అప్పటికిని కోరిక పుట్టినచో నీళ్ళు త్రాగి పావుగంట ఆగుడు. పావుగంట తరువాతకూడ ఆకలి నిలిచినచో అది నిజమైన ఆకలి. దానిని చంపుకొనవలదు, పంచదార లేని పాలో, పండో, గుగ్గిళ్ళో తినుడు. మరునాడు పగటి భోజనములో నేమి లోపించినదో చూచుకొనుడు.

ఒకనాడు తప్పినంతమాత్రమున నియమమంతయు చెడినదని నిరాశపడరాదు. ఒకదినము నష్టము వచ్చినదని దుకాణము మూసివేయుదుమా? మరునాడు మామూలువేళకే తలుపులు తీయుదుము. దేహవ్యాపారమునను అంతే. “ఎట్లును చెడినది గదా” యని డబ్బా నంతయు ఖాళీచేయుటయే నిజమైన నష్టము.

కొందరకు మాత్రము ఈ నియమములు వైద్యుని అడుగక వర్తింపవు. ఇన్సులిన్ పుచ్చుకొనువారును, చక్కెరను బలముగా తగ్గించు మాత్రలు మ్రింగువారును తమంత తాము రాత్రి ఆహారము మానరాదు. చక్కెర మితిమీరి పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణులు, బాలింతలు, పసివారు, మిక్కిలి వృద్ధులు కూడ ఇట్టి కట్టుబాట్లకు లోబడరాదు. మరియు, దినమందలి ఆహారములో నాలుగవవంతో అంతకు మించియో రాత్రి భోజనానంతరమే తినువారును, వారమునకు రెండుమూడు మారులు నిద్రలేచి తిననిదే మరల నిద్రపట్టనివారును కలరు. అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1955లోనే దీనినొక వ్యాధిగా గుర్తించి వర్ణించెను. మనోవేదన దీనితో తరచు కలిసియుండును. దీనికి చికిత్స కలదు. అట్టివారిని ఇంటిలో తిండిపోతులని ఎగతాళి చేయక వైద్యునివద్దకు తీసికొనిపోవుట బంధువుల విధి.

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క యింటి పని. సంఘము చేయవలసిన పనియు కలదు. లేనిచో ఈ మాటలు మా వైద్యశాలలోనే చెప్పియుందుము; ఈ వేదిక నెక్కము. మన వివాహములలో విందు రాత్రి తొమ్మిదికి మొదలై పండ్రెండువరకు సాగుచున్నది. మన సభలలోను ఉపన్యాసములు, సన్మానములు, సంగీతము ముగిసినగాని విస్తళ్ళు పడవు. ఎనిమిదింటికి ఆకలిగొన్న ముసలివారు పకోడీలతో కడుపు నింపుకొని, పదకొండింటికి పదునెనిమిది వంటకములను మర్యాదకొరకు తినుచున్నారు. ఆలస్యముగా పెట్టినది గొప్ప విందను భ్రమ మనకెట్లు కలిగినదో తెలియదు. కావున మేము మూడు ప్రార్థనలు సభవారి ముందుంచుచున్నాము. మొదటిది: సంఘమువారి సభలలోను, సంఘభవనములందు జరుగు వివాహములలోను రాత్రి వడ్డన ఏడుగంటలకు ప్రారంభమై తొమ్మిదింటికి ముగియవలెను. రెండవది: వసతిగృహమున సాయంకాలము గుగ్గిళ్ళును, రాత్రి పదింటికి చదువుకొనువారికి పాలును ఒక పండును ఇచ్చుటకు పోషకులు శాశ్వతనిధి నేర్పరుపవలెను. ఒక విందులో పారవేయబడు మిఠాయి వెల దానికి చాలును.

మూడవది కష్టమైనది, కావుననే దానిని తుదకుంచితిమి. మన వీథులలో దుకాణములు ఒక గంట ముందుగా మూయవలెను. ఈ మాటకు కొందరు నొసలు చిట్లించుట మేము చూచుచునే యున్నాము. ఒక్కడు ఎనిమిదిన్నరకు మూసినచో బేరము పొరుగువానికి పోవును, అది నిజము. పొరుగువానికి జంకి ఇతడును, ఇతనికి జంకి అతడును తొమ్మిదిన్నరవరకు కాచుకొని, ఇరువురును పదిన్నరకు తినుచున్నారు. ఇరువురి భార్యలును కాచుకొనుచున్నారు. కాని వీథియంతయు నొక్కమాటగా మూసినచో బేరము ఎక్కడికి పోవును? కొనువాడు గంట ముందుగా వచ్చును. వారమునకొక దినము బజారంతయు మూయు కట్టుబాటు అనేక పట్టణములలో వర్తకులే పెట్టుకొని నిలుపుకొనుచున్నారు గదా! ఒక్కనివలన కానిది పదిమందివలన నగుటకే సంఘమను పేరు. మొదట ఒక్క పట్టణమున, ఒక్క వీథిలో, మూడుమాసములు పరీక్షార్థము చేసి, అమ్మకముల లెక్కయు నడుముల కొలతయు రెండును వచ్చే మహాసభకు తెండు. నష్టమున్నచో మానుకొందము. లెక్క చూడకయే నష్టమనుట మాత్రము వర్తకధర్మము కాదు.

మహాజనులారా! తండ్రులు సంపాదించి యిచ్చిన మూలధనమును తరుగనీయక కాపాడుట మనకు పుట్టుకతో అబ్బిన విద్య. దేహముకూడ అట్టి మూలధనమే. దానికి వేళకు అన్నము, వేళకు నిద్ర అను రెండు పద్దులను సరిగా వ్రాసినచో, డబ్బాతో యుద్ధము చేయవలసిన పని చాలవరకు తప్పును. కార్యక్రమపత్రములో ఈ రాత్రి భోజనము తొమ్మిదిన్నరకని ముద్రింపబడియున్నది. సంగీతకచేరీని భోజనానంతరమునకు మార్చి, వడ్డన ఇప్పుడే ప్రారంభింప నాజ్ఞ యిచ్చినచో, మా మొదటి ప్రార్థన ఈ దినమే నెరవేరినట్లగునని అధ్యక్షులవారికి సవినయముగా మనవి చేయుచు విరమించుచున్నాము.